బెత్తం మూలన పెట్టాక



2025 మార్చిలో విజయనగరం జిల్లా బొబ్బిలి మండలం పెంట గ్రామంలో ఒక విచిత్రం జరిగింది. అక్కడి జిల్లా పరిషత్ హైస్కూల్ ప్రధానోపాధ్యాయుడు పిల్లలందరి ఎదుట వేదిక మీద సాష్టాంగపడ్డారు. లేచి, చెవులు పట్టుకుని గుంజీలు తీశారు. పిల్లలకు చదువు అబ్బడం లేదు, నడవడిక మారడం లేదు, మేం కొట్టలేం, తిట్టలేం, ఇంకేం చేయాలి అన్నది ఆయన గోడు. వీడియో రాష్ట్రమంతా తిరిగింది. ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి నారా లోకేష్ కూడా ఆ హెడ్మాస్టరును మెచ్చుకుంటూ రాశారు.

ఆ వీడియో తెలంగాణలో, నాగర్‌కర్నూల్ జిల్లాలోని మా బిజినేపల్లి మండలం స్టాఫ్ రూములకూ వచ్చింది. చాయ్ తాగే పదినిమిషాల విరామంలో అందరూ దాని గురించే. "రేపు మన గతీ ఇంతే" అన్నారు ఒక సార్. ఇంకొక మేడం మాత్రం, "ఇవాళ గుంజీలు తీస్తే పిల్లలు రెండు రోజులు కుదురుగా ఉంటారు. మూడో రోజు ఏం తీస్తాం?" అని అడిగారు. నాది ఆ మేడం పక్షం. ఆ హెడ్మాస్టర్ మనసు మీద నాకు గౌరవమే. పిల్లల తప్పుకు తనను తాను బాధ్యుణ్ణి చేసుకునే మనుషులు ఈ రోజుల్లో ఎందరున్నారు? కానీ అది ఒక్కసారి పనిచేసే మందు. హైస్కూల్ నడిచేది ఏడాదికి రెండు వందల పైచిలుకు రోజులు. ఆ అన్ని రోజులకూ పనికొచ్చేది ఏమిటన్నదే ఇవాళ నేను మీతో మాట్లాడదలచుకున్నది.

ముందు బెత్తం సంగతి తేల్చుకుందాం. మా తాతల కాలంలో ఖాన్గీ (ప్రైవేటు) బడులుండేవి. తప్పు చేసిన పిల్లవాణ్ణి తాడుకు వేలాడదీసి కోదండం వేయించేవారు. గోడకుర్చీ, ఎండలో ఒంటికాలి మీద నిలబెట్టడం, వేళ్ల మధ్య పుల్ల పెట్టి నొక్కడం, ఇవన్నీ చదువులో భాగమే అనుకునేవారు. ఇప్పటికీ కొందరు తల్లిదండ్రులు బడికొచ్చి, "కండ్లు రెండు ఇడిసిపెట్టి తోలు తీయుండ్రి సార్, మేమేమన్నం" అంటారు. ప్రేమ లేక కాదు. తమకు చేతకానిది మాకు అప్పజెప్పి పోతున్నారు, అంతే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2002 ఫిబ్రవరిలోనే విద్యా నిబంధనలు సవరించి బడుల్లో కొట్టడాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పదిహేడో సెక్షన్ శారీరక దండననే కాదు, మానసిక వేధింపును కూడా నిషేధించింది. అంటే మొదటి నిషేధం వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఇంకా "బెత్తం తీసేశారు కాబట్టే పిల్లలు చెడిపోయారు" అంటూ కూర్చోవడం నాకు సోమరితనంగానే కనబడుతుంది. బెత్తం ఉన్న రోజుల్లో పిల్లలు బుద్ధిగా ఉండేవాళ్లని చెప్పే పెద్దమనుషులు ఒక సంగతి మరిచిపోతారు. ఆనాడు అల్లరివాడు రెండు దెబ్బలు తిని, మూడో దెబ్బకు బడి మానేసి గొర్రెల వెంట పోయేవాడు. తరగతిలో మిగిలినవాళ్లంతా బుద్ధిమంతులే. మిగలనివాళ్లను ఎవరు లెక్కబెట్టారు?

ఇప్పుడు వాళ్లంతా తరగతిలోనే ఉన్నారు. ఉండాలి కూడా. చిక్కంతా అక్కడే మొదలైంది.

మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ పోయే దారిలో ఉంది బిజినేపల్లి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు వచ్చేదాకా మేం మహబూబ్‌నగర్ జిల్లావాళ్లమే. ఇప్పుడు నాగర్‌కర్నూల్ వాళ్లం. పాలెం, వట్టెం, లట్టుపల్లి, మంగనూరు, నందివడ్డెమాన్, వెల్గొండ, గంగారం, ఇట్లా చుట్టూ ఊళ్లు. ఆరో తరగతికి వచ్చేసరికి తలా ఒక ప్రాథమిక బడి నుంచి, తలా ఒక అలవాటుతో పిల్లలు ఒకే గదిలోకి వచ్చి పడతారు. ఊరికొక జట్టు ఏర్పడుతుంది. ఏ ఊరి పీర్ల పండుగలోనో, ఏ జాతరలోనో ఇద్దరు పెద్దవాళ్ల మధ్య రేగిన మాట, సోమవారం పొద్దున తరగతి గదిలో ఇద్దరు ఎనిమిదో తరగతి పిల్లల మధ్య కొట్లాటగా తేలుతుంది. పంచాయతీ ఎక్కడ మొదలైందో తెలియని సార్, ఇద్దరినీ బయట నిలబెడతాడు. బయట వాళ్లు ఖాళీగా నిలబడి అదే పంచాయతీని కొనసాగిస్తారు.

పాలమూరు వలసల గురించి మీకు కొత్తగా చెప్పక్కరలేదు. గుంపు మేస్త్రీల వెంట దేశమంతా మట్టి మోయడానికి పోయిన జిల్లా ఇది. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్లొచ్చాక కొంత తగ్గింది, అది నిజం. అయినా తల్లిదండ్రులు హైదరాబాదులోనో, పుణెలోనో ఉండి, నానమ్మ దగ్గర పెరిగే పిల్లలు ఇప్పటికీ ప్రతి తరగతిలో ఉన్నారు. ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసేది ఆ ముసలామెనే. ఇక నీళ్లొచ్చిన ఊళ్లలో ఇంకో సంగతి జరిగింది. రెండో పంట వచ్చింది, పని ఊళ్లోనే దొరుకుతోంది, ఆ పనిలో పిల్లల చేతులూ కలుస్తున్నాయి. పత్తి ఏరే రోజుల్లో తరగతిలో బెంచీలు సగం ఖాళీ. గద్వాల వైపు నడిగడ్డలో సీడు పత్తి క్రాసింగ్ కాలం వస్తే అక్కడి సార్ల అవస్థ ఇంకా ఎక్కువ. మగపువ్వు పుప్పొడి తీసి ఆడపువ్వుకు రుద్దే ఆ పనికి చిన్న వేళ్లు కావాలట. లగ్గాల సీజన్‌లో మగపిల్లలు రాత్రిపూట కేటరింగ్‌కు పోతారు. తెల్లారేదాకా ఫంక్షన్ హాల్లో ప్లేట్లు అందించి, పొద్దున ప్రార్థనకు వచ్చి నిలబడతారు.

ఒకసారి తొమ్మిదో తరగతిలో ఒక పిల్లగాడు పాఠం మధ్యలో తల వాల్చేశాడు. లెక్కల సార్ సుద్దముక్క విసిరాడు. అందరూ నవ్వారు. నిద్రలేచినవాడు ఎదురు మాట్లాడాడు. మాట మీద మాట పెరిగి, స్టాఫ్ రూముకు వచ్చేసరికి అది "సార్‌ను తిట్టిన" కేసు అయింది. పక్కకు పిలిచి కూర్చోబెట్టి అడిగితే, "రాత్రి మోటరు కాడ పన్న సార్, మడికి నీళ్లు పెట్టనీకి. నాయిన లేడు" అన్నాడు. సార్‌కు ఆ సంగతి తెలిసి ఉంటే సుద్దముక్క చేతిలోంచి కదిలేది కాదు. పిల్లగాడు ఎదురు తిరగడం తప్పే, ఆ తప్పుకు సార్‌కు క్షమాపణ చెప్పాడు కూడా. కానీ ఆ తప్పు పుట్టింది తరగతిలో కాదు.

అందుకే నేను కొత్తగా వచ్చిన ఉపాధ్యాయులకు ముందుగా చెప్పేది హాజరు పట్టీ చదవమని. పేరు పిలిచి గీత గీయడం వేరు, చదవడం వేరు. ఎవడు ఏ వారం రాలేదు, ఏ నెలలో వరసగా ఎగ్గొట్టాడు, వచ్చిన రోజు ఏ పీరియడ్‌లో గొడవ చేశాడు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. పది రోజులు పత్తికి పోయి వచ్చినవాడు పదకొండో రోజు బడికి వచ్చి ఏం చేస్తాడు? బీజగణితం మూడు మెట్లు ముందుకు పోయింది. సైన్స్‌లో కొత్త పాఠం. అర్థంకాని మాటలు నలభై అయిదు నిమిషాల పాటు చెవిలో పడుతుంటే పెద్దవాళ్లమే కదలకుండా కూర్చోలేం. గ్రామసభలో మనమెంతసేపు ఊరుకుంటామో మనకు తెలియదా?

ఇక్కడ నేను అసలు మాటకు వస్తాను. హైస్కూల్లో మనం అల్లరి అని పేరు పెట్టినదాంట్లో చాలా భాగం చదవడం రాకపోవడాన్ని దాచుకునే ఉపాయం. ఇది నా అనుభవంలోంచి చెబుతున్న మాట. దేశంలో ఆ చదవలేకపోవడం ఏ మేరకు ఉందో అసర్ అనే విద్యా సర్వే చెప్పింది. 2023లో వాళ్లు 26 రాష్ట్రాల్లో 28 జిల్లాలు తిరిగి పద్నాలుగు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలను పరీక్షించారు. అందులో దాదాపు నాలుగోవంతు మంది తమ సొంత భాషలో రెండో తరగతి పాఠాన్ని తడుముకోకుండా చదవలేకపోయారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం సగం మందికి పైగా రాలేదు. మరి ఈ పిల్లల్లో చాలామంది ఏ తరగతిలో కూర్చున్నారు? తొమ్మిదిలో, పదిలో.

ఇప్పుడు సోషల్ పీరియడ్ ఊహించుకోండి. టీచర్ వరసగా ఒక్కొక్కరితో పేరా చదివిస్తున్నారు. వంతు వెనక బెంచీ వైపు జరుగుతోంది. చదవడం రానివాడికి గుండె దడ. ఎదురుగా అమ్మాయిలున్నారు. మీసం మొలుస్తున్న వయసు. "నాకు రాదు" అనడం కంటే చచ్చిపోవడం మేలనిపిస్తుంది. వంతు రెండు బెంచీల దూరంలో ఉండగానే పక్కవాడి జుట్టు లాగుతాడు. లేదా పిల్లి కూత కూస్తాడు. టీచర్‌కు కోపం వస్తుంది. "గెట్ అవుట్" అంటారు. వాడు నవ్వుకుంటూ బయటికి పోతాడు. టీచర్ శిక్ష వేశానని అనుకుంటున్నారు. వాడు తప్పించుకున్నానని అనుకుంటున్నాడు. ఇద్దరిలో గెలిచింది వాడే. రేపూ అదే చేస్తాడు, ఎందుకంటే ఇవాళ పనిచేసింది.

ఎనిమిదో తరగతిదాకా ఫెయిల్ చేయకపోవడం వల్లనే ఇదంతా అంటారు కొందరు. 2019లో చట్టం సవరించి, అయిదు, ఎనిమిది తరగతుల్లో ఆపే అధికారం రాష్ట్రాలకు ఇచ్చారు. ఆపితే చదవడం వస్తుందా? అదే తరగతిలో, అదే పాఠం, అదే పద్ధతిలో ఇంకో ఏడాది చెబితే వస్తుందా? నాకు నమ్మకం లేదు. పైగా తనకంటే చిన్నవాళ్ల మధ్య కూర్చోబెట్టిన మొండివాడు తరగతికి నాయకుడవుతాడు, ఆ నాయకత్వం ఎటు నడిపిస్తుందో వేరే చెప్పాలా.

మరి ఏం చేయాలి? పేరాను ఉన్నట్టుండి చదవమని అడగకండి. ముందురోజు సాయంత్రం చదవడం రానివాణ్ణి పిలిచి, "రేపు ఈ నాలుగు వాక్యాలు నువ్వు చదవాలె, ఇంట్ల చూసుకొని రా" అని చెప్పండి. నాలుగే వాక్యాలు. మరునాడు వాడు చదివితే తరగతి ముందు పొగడ్తలు కుమ్మరించకండి, ఆ వయసు పిల్లలకు అదీ సిగ్గే. "సరే, కూర్చో" అంటే చాలు. తెలంగాణలో ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లల కోసం 'ఉన్నతి' అనే కార్యక్రమం ఉంది; కాగితాల మీద నింపే ఫార్మాట్లు కొంచెం ఎక్కువే, ఆ మాట దాచను. అయినా ఆ పేరుతో రోజూ ఒక అరగంట నిజంగా చదివించిన బడుల్లో వెనక బెంచీ మోత తగ్గడం చూశాను.

ఇక మందలింపు సంగతి. అమెరికాలో డెట్రాయిట్ నగరంలో జేకబ్ కౌనిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవాడు. ఒకనాడు ఆయన పాఠం చెబుతుంటే ఒక విద్యార్థి పేపరు చదువుకుంటున్నాడు. కౌనిన్ గట్టిగా మందలించాడు. పేపరువాడి సంగతి సరే, ఏ తప్పూ చేయని మిగతావాళ్లంతా బిగుసుకుపోయారు. దీన్ని పట్టుకుని ఆయన ఏళ్ల తరబడి పరిశోధించాడు. తరగతి గదుల్ని వీడియోలు తీసి, ఏ టీచర్ ఎట్లా మందలిస్తే పిల్లలు బాగుపడతారో తేల్చాలనుకున్నాడు. 1970లో వచ్చిన ఆయన పుస్తకం చెప్పింది మాత్రం వేరు: మందలించే తీరుకూ తరగతి కుదురుకూ సంబంధమే కనబడలేదు. మంచి టీచరుకూ మామూలు టీచరుకూ తేడా గొడవ మొదలయ్యాక చేసే పనిలో లేదు, గొడవకు ముందు చేసే పనిలో ఉంది. బోర్డు మీద రాస్తూ కూడా వెనక ఏం జరుగుతోందో ఎరిగి ఉండటం, ఒక పని నుంచి ఇంకో పనికి పోయేటప్పుడు తరగతిని గాలికి వదలకపోవడం, అసలు తప్పు చేసినవాణ్ణి వదిలి పక్కవాణ్ణి పట్టుకోకపోవడం. ఇవీ ఆయన గమనించినవి.

మా హైస్కూళ్లకు దీన్ని అన్వయిస్తే నాకు కనబడేవి చాలా చిన్న విషయాలు. బెల్లు కొట్టాక సార్ స్టాఫ్ రూములో ఇంకో రెండు నిమిషాలు చాయ్ గ్లాసుతో ఉంటే, ఆ రెండు నిమిషాల్లో మొదలైన గోలను అణచడానికి పది నిమిషాలు పడుతుంది. తరగతిలోకి పోయేసరికి బోర్డు మీద ఒక లెక్కో, ఒక ప్రశ్నో ఉండాలి. వచ్చి కూర్చున్నవాడికి చేయడానికి పని ఉండాలి. పిల్లల పేర్లు తెలిసి ఉండాలి, "ఓయ్ నీలం చొక్కా" అని పిలిస్తే యూనిఫాం బడిలో అందరూ నీలం చొక్కాలే. మాట్లాడుతున్నవాడి దగ్గరికి పాఠం చెబుతూనే నడిచి పోయి, పుస్తకం మీద వేలు పెడితే చాలు. దూరం నుంచి అరిస్తే వాడికి అరవై మంది ప్రేక్షకులు దొరికినట్టు. పరువు పోతుందన్న భయంతో వాడు తిరగబడతాడు.

అన్నిటికంటే పెద్ద లోపం ఇంకొకటి ఉంది. ఒక పీరియడ్‌లో ఫోన్ తెస్తే తప్పు, ఇంకో పీరియడ్‌లో సార్ చూసీ చూడనట్టు పోతాడు. ఒక టీచర్ ఆలస్యంగా వస్తే లోపలికి రానివ్వరు, ఇంకొకరు తామే ఆలస్యంగా వస్తారు. పిల్లలు వీటిని మనకంటే బాగా పసిగడతారు. చివరికి ఏ తరగతిలో గొడవైనా పీఈటీ సార్‌కు కబురు పోతుంది. ఆయన విజిల్ ఊదుకుంటూ వచ్చి, పొడుగు పిల్లలను గ్రౌండ్ చుట్టూ తిప్పుతాడు. ఆటలు నేర్పడానికి వచ్చిన మనిషిని బడికి కొత్వాలుగా చేసి పెట్టాం. పరుగెత్తడాన్ని శిక్షగా మార్చాం. దీనివల్ల మిగతా టీచర్లకు తమ తరగతిని తాము చూసుకునే అలవాటు పోయింది, పిల్లలకు ఆటంటే విసుగు పట్టింది.

లండన్‌లో మైకేల్ రట్టర్ బృందం 12 హైస్కూళ్లను ఏళ్లపాటు గమనించి 1979లో ఒక పుస్తకం వేసింది. ఒకే రకం బస్తీల నుంచి, ఒకే రకం ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఒక బడిలో కుదురుగా, ఇంకో బడిలో అదుపు తప్పి ఉన్నారు. ఇళ్లు కారణమైతే రెండు బడుల్లోనూ ఒకేలా ఉండాలి కదా. టీచర్లు సమయానికి పాఠం మొదలుపెట్టడం, పిల్లల పనిని గోడల మీద పెట్టడం, మెచ్చుకోలు మాట, ఎక్కువమంది పిల్లలకు బాధ్యతలు ఇవ్వడం, టీచర్లంతా ఒక్క మాట మీద ఉండటం, ఇవి ఉన్న బడులు బాగున్నాయి. బ్రిటన్ ప్రభుత్వ బడుల్లో బెత్తం అధికారికంగా పోయింది 1987లో. అంటే ఆ పరిశోధన జరిగినప్పుడు అక్కడింకా బెత్తం ఉంది; అయినా పైన చెప్పినవాటిలో బెత్తం లేదు.

ఇంత దూరం ఎందుకు, మన వట్టెం నవోదయను చూడండి. 1986 జాతీయ విద్యా విధానంతో వచ్చిన బడులు అవి. పరీక్ష రాసి ఆరో తరగతిలో చేరి పన్నెండుదాకా అక్కడే ఉంటారు. పిల్లలను ఆరావళి, నీలగిరి, శివాలిక్, ఉదయగిరి అని నాలుగు హౌసులుగా పంచుతారు. ప్రతి హౌసుకూ ఒక మాస్టర్ బాధ్యుడు. తొమ్మిదో తరగతిలో కొందరు పిల్లలను ఏడాదిపాటు హిందీ రాష్ట్రాల నవోదయకు పంపి, అక్కడివాళ్లను ఇక్కడికి తెస్తారు. అక్కడ పిల్లవాడు ఇరవై నాలుగు గంటలూ బడి చేతిలో ఉంటాడు, ఏరి తీసుకున్న పిల్లలు కూడా. మా జిల్లా పరిషత్ హైస్కూల్‌కు ఆ రెండూ లేవు. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి సాయంత్రం నాలుగు దాటాక పోయేవాడు మిగతా పదిహేడు గంటలు ఊరి చేతిలో ఉంటాడు. కాబట్టి నవోదయలా ఉండండి అని మా టీచర్లతో అనడం అన్యాయం. కానీ హౌసు పద్ధతిలోంచి ఒకటి తెచ్చుకోవచ్చు. ప్రతి పిల్లవాడికీ పేరు పెట్టి అడిగే ఒక పెద్ద మనిషి బడిలో ఉండాలి. పదిహేను, ఇరవై మంది పిల్లలకు ఒక టీచర్. సబ్జెక్టుతో సంబంధం లేదు. వారానికి ఒకసారి అయిదు నిమిషాలు: ఎట్లున్నవ్, ఇంట్ల ఎవరున్నరు, ఎందుకు రాలె.

బాధ్యతలు కూడా అంతే. మనం లీడరు పదవి ఎప్పుడూ ఫస్ట్ ర్యాంకు పిల్లకే ఇస్తాం. మధ్యాహ్న భోజనం వరస, నీళ్ల ట్యాంకు, మొక్కలు, స్పోర్ట్స్ గది తాళాలు, బతుకమ్మ రోజున పూల ఏర్పాట్లు, ఇందులో కొన్ని వెనక బెంచీకి పంచండి. తాళాలు ఇచ్చిన పిల్లగాడు తాళాలు పోగొట్టడం చాలా అరుదు.

ఇక జుట్టు, ఫోను. హీరోలాగా పక్కన గీసి పైన పెంచే క్రాపుల మీద మాకూ విసుగే. కానీ కొన్నేళ్లుగా టీచర్లే కత్తెర పట్టి పిల్లల జుట్టు కత్తిరించి సస్పెండైన సంఘటనలు మన రాష్ట్రంలోనే పేపర్లలో చూస్తున్నాం. జుట్టు రెండు వారాల్లో పెరుగుతుంది. పదిమందిలో కత్తిరించిన అవమానం పెరుగుతూనే ఉంటుంది. నేనైతే జుట్టు గొడవను అన్నిటికన్నా చివర పెడతాను. ఫోను అట్లా కాదు. కరోనా కాలంలో ఆన్‌లైన్ పాఠాల కోసం మనమే పిల్లల చేతికి ఫోన్లు ఇప్పించాం. తిరిగి తీసుకోవడం ఎవరికీ గుర్తు లేదు. తరగతిలో అమ్మాయి ఫోటో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడం అల్లరి కాదు, నేరం కూడా కావచ్చు. దీన్ని గుంజీలతో సరిపెట్టడం ఆ అమ్మాయికి చేసే ద్రోహం. ఏం జరిగిందో రాసి పెట్టాలి, ఇద్దరి తల్లిదండ్రులనూ విడివిడిగా పిలవాలి. లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. "బడి పరువు" అని దాచే అధికారం హెడ్మాస్టరుకు లేదు.

అల్లరి చేసేవాళ్ల గురించే మాట్లాడుతుంటే అల్లరి చేయనివాళ్లు మరుగున పడతారు. నిన్నటిదాకా గలగలా మాట్లాడిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఉన్నట్టుండి ముంగిలా కూర్చుంటే టీచర్లకు హాయిగా ఉంటుంది. "బుద్ధిమంతురాలైంది" అంటాం. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారేమో. దారిలో ఎవడైనా వెంటపడుతున్నాడేమో. 1098 అనే నంబరు బడి గోడ మీద రాసి ఉంటుంది, దాని అర్థం పిల్లలకు ఒకసారైనా విడమరిచి చెప్పాలి. మనసు బాగాలేనప్పుడు మాట్లాడటానికి 14416 టెలీ మానస్ ఉంది. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు.

మా పాత ఆయుధం ఒకటి మిగిలింది: "టీసీ ఇచ్చి పంపిస్తా." ఎనిమిదో తరగతిదాకా పిల్లలను బడి నుంచి వెళ్లగొట్టే వీలు చట్టంలో లేదు. తొమ్మిది, పదిలో ఇచ్చి పంపితే వాడు ఎక్కడికి పోతాడు? ఇంకో బడికి పోయేవాళ్లు తక్కువ. ఎక్కువమంది హైదరాబాదులో ఏదో హోటల్లో తేలతారు, లేదా ఇక్కడే అడ్డా మీద నిలబడతారు. టీసీకి బదులు, పగలగొట్టిన కిటికీకి వాడితోనే కొత్త అద్దం పెట్టించండి. దెబ్బ తిన్న పిల్లవాడి చేయి కట్టు విప్పేదాకా వాడి నోట్సు కొట్టినవాడితో రాయించండి. ఇవి శిక్షలే, కాకపోతే జరిగిన నష్టాన్ని పూడ్చే శిక్షలు.

తల్లిదండ్రులతో రెండు మాటలు. పాలెం ఊరు ఈ మండలంలోనే ఉంది. పాలెం సుబ్బయ్యగా పేరు పడ్డ తోటపల్లి సుబ్రహ్మణ్య శర్మ గారు పూనుకొని, ఊరి మనుషులను కదిలించి, గుడితో పాటు చదువుల సంస్థలు తెచ్చారు అక్కడికి. బడి ఊరి పని అనుకున్న తరం అది. ఇప్పుడు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ తల్లిదండ్రులతో యాజమాన్య కమిటీ ఉండాలి, మీటింగులు జరుగుతాయి, సంతకాలు పడతాయి. ఆ మీటింగుకు వచ్చినప్పుడు "మా పిల్లగాడు ఎట్ల చదువుతుండు" అని అడిగితే మాకు వచ్చే జవాబు ఒకటే, "పర్వాలేదు". దానికి బదులు, ఇట్లా అడగండి: "ఈ నెల ఎన్ని రోజులు రాలె? తెలుగు పుస్తకం చూసి చదువుతడా?" ఈ రెండు ప్రశ్నలకు మేం పర్వాలేదు అని తప్పించుకోలేం. పత్తి ఏరేటప్పుడు కూలీ దొరకడం లేదని తెలుసు. బిడ్డను ఆపక తప్పకపోతే ఆదివారం ఆపండి, సోమవారం పంపండి. పంపలేకపోతే ఎందుకో సార్‌కు ఫోన్ చేసి చెప్పండి. "తోలు తీయుండ్రి" అని మాత్రం అనకండి, ఆ మాట వాడి ముందు అంటే మీరూ మేమూ ఒక పక్క, వాడొక్కడూ ఒక పక్క అయిపోతాడు.

టీచర్ మిత్రులకు ఒక్క విన్నపం. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం అడ్మిషన్లు, పుస్తకాల పంపిణీ, ఫార్మాట్లతో గడిచిపోతుంది. ఆ వారంలోనే ఒక సాయంత్రం అందరూ గంటసేపు కూర్చోండి. బడి అంతటికీ నాలుగు నియమాలు, అంతకు మించి వద్దు. అన్ని పీరియడ్లలోనూ, టీచర్లతో సహా అందరికీ అవే. ఆరు నుంచి పది దాకా ప్రతి పిల్లవాడితో ఒక పేరా విడిగా, తలుపు పక్కన, ఎవరూ వినకుండా చదివించి, రానివాళ్ల పేర్లు రాసుకోండి. ఆ పేర్లూ, పోయినేడు మీరు బయట నిలబెట్టినవాళ్ల పేర్లూ ఎన్ని కలుస్తాయో చూడండి. ఆ జాబితాను గోడకు మాత్రం అంటించకండి. పీఈటీ సార్‌కు వాలీబాల్ నెట్టు కొనివ్వండి.